తెర చాటు కాటా

మా చెల్లెలి మనవడికి విమానాశ్రయంలో ఉద్యోగం వచ్చింది. చేరే ముందు నా దగ్గరికి వచ్చి, "తాతయ్యా, మీరు ఆ లైన్లోనే రిటైరయ్యారు కదా, నాకేమన్నా చెప్పండి" అన్నాడు. రూల్సు ట్రైనింగులో వాళ్ళే చెబుతారు. నాకు ఎప్పుడు ఏ ప్రమోషను వచ్చిందో వాడికి అక్కర్లేదు, నాకూ సరిగ్గా గుర్తు లేదు. తర్వాత పెద్ద పెద్ద ఊళ్ళలో, సిమెంటు రన్‌వేలున్న చోట్ల పనిచేశాను. కానీ ఈ పనంటే ఏమిటో నాకు తెలిసింది మాత్రం మొదటి రెండు మూడేళ్ళలో, ఏలూరులో ఒక గడ్డి బీడు మీద. అదే రాస్తున్నాను. మా మనవడు చదవకపోతే ఇంకెవరైనా చదువుతారు.

బజారు పక్కన విమానం

ఇది రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. మద్రాసుకీ విశాఖపట్నానికీ మధ్య ఒక ప్రైవేటు కంపెనీ చిన్న విమానం నడిపేది. నలుగురు కూర్చుంటే నిండిపోయే బండి. ఏలూరులో ఎక్కేవాళ్ళో దిగేవాళ్ళో ఉంటే ఆగేది, లేకపోతే పైనుంచి ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోయేది.

మా బీడు ఊరికి ఎంత దగ్గరంటే, రైలు దిగినవాడు జట్కా ఎక్కకుండానే పెట్టె చేత్తో పట్టుకుని నడిచి వచ్చేవాడు. బజార్లో బజ్జీలు వేస్తే మాకు వాసన వచ్చేది. ఉత్తరాన కాలవ గట్టు, తూర్పున తివాచీలు నేసేవాళ్ళ పేట, పడమటి చివర తాటిచెట్ల వరస, దక్షిణాన కొల్లేటి వైపు దిగిపోయే పల్లం. మధ్యలో గడ్డి. ఒక తాటాకు పాక, రెండు బల్లలు, గాలి ఎటు వీస్తోందో చూపడానికి గుంజకి కట్టిన గాలిసంచి. కంపెనీవాళ్ళు దాన్ని ఏరోడ్రోమ్ అనేవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు ఇమానాల బీడు అనేవాళ్ళు. నేను గుమాస్తాని. అంటే పశువుల్ని తోలడం, గంట కొట్టడం, ఎక్కేవాళ్ళ సామాను మొయ్యడం, దిగినవాళ్ళకి మంచినీళ్ళివ్వడం.

తివాచీల పేటవాళ్ళు ఉన్ని ఉతికి మా గడ్డి మీదే ఆరబెట్టుకునేవాళ్ళు. మేం వద్దనలేదు. నేను గంట కొడితే ఆడా మగా పరిగెత్తుకొచ్చి, విమానం దిగేలోపల మొత్తం ఎత్తేసేవాళ్ళు. మళ్ళీ అది ఎగిరిపోగానే పరిచేవాళ్ళు.

ఒకసారి ఒక ప్లీడరు గారు విమానం మెట్టు మీద కాలు పెట్టి, జేబులు తడుముకుని, "ఏవండీ, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానండీ" అన్నారు. పైలట్ ఫిరోజ్ గారు బొంబాయి మనిషి. ఇంజను ఆపేసి, పాక ముందు బల్ల మీద కూర్చుని, బజారు నుంచి కాఫీ తెప్పించుకుని తాగుతూ ఉన్నారు. జట్కా వెళ్ళి కళ్ళజోడు తెచ్చింది. ఆ రోజు విమానం ఆలస్యంగా ఎగిరింది, ఎవరికీ కోపం రాలేదు. ఇప్పుడు అలా కుదరదని నాకూ తెలుసు. అయినా ప్రయాణమంటే అలా ఉండాలని నా మనసులో ఉండిపోయింది.

శేషగిరిరావు గారి మతం

మా ఆఫీసరు శేషగిరిరావు గారు. రైల్వే పార్సెల్ ఆఫీసులో సగం జీవితం గడిపి వచ్చిన మనిషి. ఆయనకి లోకంలో వస్తువులు రెండే రకాలు, తూచినవీ తూచనివీ. నేను చేరిన మొదటి రోజే నన్ను బీడు మధ్యలోకి తీసికెళ్ళి తాటిచెట్లు చూపించారు.

"దేవదానం, బీడు పొట్టి. చెట్లు పొడుగు. ఈ రెంటి మధ్యా మనకున్నది కాటా ఒక్కటేనయ్యా" అన్నారు.

ఆ కాటా ఒక రైసుమిల్లు నుంచి తెచ్చింది. బియ్యం బస్తాలు తూచే బల్ల కాటా. ఎక్కే ప్రతి మనిషినీ, మనిషితోపాటు సామానునీ దాని మీద తూచాలి. చెప్పడానికి తేలికే. మా ప్రాంతంలో మనిషిని తూచడమంటే మాటలా? బస్తాలా తూస్తే దిష్టి తగులుతుందని కొందరు, ఆయుష్షు తగ్గుతుందని కొందరు. ఒక డిప్యూటీ తహసీల్దారు గారి భార్యయితే, "మా ఆయన్ని తూచుకోండి, నేను ఆయనలో సగం ఉంటానని రాసుకోండి" అంది. చూస్తే ఆయనకి రెట్టింపు ఉంది మహాతల్లి. మేం ఏమనగలం?

ఇంకో ఆఫీసరైతే కేకలేసేవాడు. శేషగిరిరావు గారు కేకలెయ్యలేదు. కాటాకి మూడు పక్కలా తెర కట్టించారు. ఆ తెర తివాచీల పేటలో ఖాసిం ఇచ్చాడు. ఖాసింకి నా వయసే ఉంటుంది, పేటలోకెల్లా మంచి నేత అతనిది. అంచు కాలి అమ్ముడుపోని ఒక పాత తివాచీ తెచ్చి, అతనే కొయ్యలు పాతి వేలాడగట్టాడు. అప్పటి నుంచి ఎక్కేవాళ్ళు తెర లోపలికి వెళ్ళేవాళ్ళు. కాటా చూసేది శేషగిరిరావు గారొక్కరే. చూసిన అంకె వెళ్ళి పైలట్ చెవిలో చెప్పేవారు. పైకి మాత్రం అనేవారు కాదు.

"మనిషి బరువు మనిషి సొంతం. అది మనకి అప్పు ఇస్తారంతే, ఊరంతా చాటకూడదు" అని నాకు చెప్పారు. ఎంతమందితో పనిచేశానో, ఇంత మర్యాదగా రూలు అమలు చేసిన మనిషిని మళ్ళీ చూడలేదు.

ఆవకాయ జాడీ

తెర వచ్చాక కూడా ఎక్కనన్న మనిషి ఒకాయన ఉన్నారు. గణపవరం వైపు పెద్ద రైతు మూర్తిరాజు గారు. పొలం గట్టు తగాదా మద్రాసు హైకోర్టు దాకా తీసికెళ్ళారు. వాయిదాకి విమానంలో వెళ్ళాలని ఆయన ముచ్చట. మొదటిసారి వచ్చినప్పుడు కాటా చూసి మొహం ఎర్రగా చేసుకున్నారు.

"ఏవండీ, నన్ను ధాన్యం అనుకుంటున్నారా తూచడానికి?"

"అయ్యో, అంత మాటెందుకండీ. నా కోసం ఒక్కసారి నిలబడండి రాజుగారూ. నాకూ పైలట్‌కీ తప్ప మూడో మనిషికి తెలియదు" అన్నారు శేషగిరిరావు గారు.

ఆయన చాలాసేపు మీసం సవరించుకుని, చివరికి తెరలోకి వెళ్ళారు. అంతా సవ్యంగా జరిగిందనుకున్నాం. కానీ మన వీడ్కోళ్ళ సంగతి మీకు తెలుసుగా. తూకం అయ్యాక, ఆయన్ని పంపడానికి వచ్చిన చుట్టాలు విమానం చుట్టూ మూగారు. మద్రాసులో వకీలు గారికని ఆవకాయ జాడీ ఒకరు, నెయ్యి డబ్బా ఒకరు, సున్నుండల బుట్ట ఒకరు, చివర్లో అరటిగెల. కిటికీలోంచి ఒకటొకటీ లోపలికి వెళ్ళిపోయాయి. ఎవరూ దొంగతనంగా చెయ్యలేదు. తూచింది మనిషిని కదా, ఊరగాయని తూస్తారని ఎవరనుకుంటారు?

విమానం తాటిచెట్ల మీంచి వెళ్తుంటే దాని చక్రానికి తాటాకు తగిలి ఊగింది. ఫిరోజ్ గారు మర్నాడు తిరిగొచ్చి, కోపం లేకుండా, ఒక ఎండిన తాటాకు ముక్క శేషగిరిరావు గారి చేతిలో పెట్టి, నవ్వి వెళ్ళిపోయారు. ఆ రోజు మా ఆఫీసరు అన్నం తినలేదు.

మర్నాడు బీడు మీద తాడు కట్టారు. తూకం అయినవాళ్ళు తాడు దాటి అటు వెళ్ళాలి. పంపడానికి వచ్చినవాళ్ళు ఇటే ఉండాలి. ఏడవాలన్నా దీవించాలన్నా తాడు ఇవతల నుంచే. ఆ తాడు పట్టుకుని నిలబడటం నా పని. చాలామంది తల్లుల చేత తిట్లు తిన్నాను. ఆ తిట్లు పడటం కూడా ఈ ఉద్యోగంలో భాగమేనని మా మనవడికి చెబుతున్నాను.

ఖాసిం కన్ను

ఆ తర్వాతి వానాకాలం తమ్మిలేరు పొంగింది. రైలు కట్ట తెగి మద్రాసు బళ్ళు ఆగిపోయాయి. కొల్లేరు ఉబికి మా బీడు దక్షిణపు సగం నీళ్ళలో మునిగింది. కొంగలు వచ్చి వాలేవి. మిగిలిన సగం కాలు పెడితే చిత్తడి చిత్తడిగా ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లో ఖాసిం కంట్లో ఇనుము పడింది. నేతలో ముడులు దిగగొట్టే ఇనప దువ్వెన ఒకటి ఉంటుంది. దాని పన్ను వంగితే సుత్తితో సరిచేస్తున్నాడట, ముక్క విరిగి ఎడం కంట్లోకి ఎగిరింది. మిషన్ ఆసుపత్రి దొరసాని డాక్టరు చూసి, ముక్క లోపలే ఉందని, మద్రాసు పెద్ద కంటి ఆసుపత్రిలో దాన్ని లాగే అయస్కాంతం ఉందని, ఒకటి రెండు రోజుల్లో తియ్యకపోతే ఆ కన్ను పోవడమే కాదు, రెండోది కూడా పోవచ్చని చెప్పింది. రైళ్ళు లేవు. ఆవిడే కంపెనీకి టెలిగ్రాం ఇప్పించి సీట్లు ఏర్పాటు చేసింది. ఖాసింకి రెండు కళ్ళకీ కట్టు కట్టారు, కదపకూడదని. కాబట్టి పట్టుకుని నడిపించడానికి తల్లి జైనాబీ వెంట వెళ్ళాలి. వాళ్ళింట్లో సంపాదించేది అతనొక్కడే.

విమానం విశాఖ నుంచి ఖాళీగానే వచ్చింది. కానీ ఏలూరులో అప్పటికే ఒక సీటు మూర్తిరాజు గారిది. మర్నాడు ఆయన కేసు వాయిదా. ఆయన నీళ్ళలో బండి కట్టుకుని, పడవెక్కి, ఎలాగో వచ్చి కూర్చున్నారు.

ముగ్గురినీ తూచాం. ఫిరోజ్ గారు చిత్తడి నేల మీద అటూ ఇటూ నడిచి, బూటు మడమతో గుచ్చి చూసి, తిరిగొచ్చి తల అడ్డంగా ఊపారు.

"నేల చక్రాల్ని పట్టేస్తుంది. కావలసినంత వేగం రాదు. రాజుగారొక్కరైనా రావాలి, వాళ్ళిద్దరైనా రావాలి. ముగ్గురితో ఆ చెట్లు దాటలేను" అన్నారు.

తాడు ఇవతల తివాచీల పేట పేటంతా నిలబడి ఉంది. జైనాబీ కొడుకు చెయ్యి పట్టుకుని నేల చూస్తోంది.

"నేను ముందు రాయించుకున్నానండీ" అన్నారు రాజుగారు. "రేపు నేను లేకపోతే ఆ కేసు సగం పోయినట్టే. మీకు తెలియదు, అవతలివాళ్ళు ఎలాంటివాళ్ళో."

"మీ హక్కేనండి" అన్నారు శేషగిరిరావు గారు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. బతిమాలలేదు, నీతులు చెప్పలేదు. నేనైతే చెప్పి చెడగొట్టేవాణ్ణి.

రాజుగారు కొంచెంసేపు తాటిచెట్ల వైపు చూశారు. తర్వాత ఖాసిం దగ్గరికి వెళ్ళారు.

"ఏ కన్నయ్యా?"

"ఎడం కన్నండి."

"ఏం నేస్తావు?"

"తివాచీలండి. ఆ తెర నాదేనండి."

రాజుగారు తెర వైపు తిరిగి చూశారు. కిందటేడు తన పరువు కాపాడిన తెర అది. మళ్ళీ మా ఆఫీసరు వైపు తిరిగారు.

"ఏవండీ శేషగిరిరావు గారూ, నా బరువెంత?"

"అది పైకి చెప్పనండి."

"నేనే చెప్పమంటున్నాను కదండీ. గట్టిగా చెప్పండి, అందరూ వినాలి. లేకపోతే రేపు మా ఊళ్ళో, మూర్తిరాజు కేసుకి భయపడి దిగిపోయాడంటారు."

శేషగిరిరావు గారు నిలువునా నిటారుగా నిలబడి, "రెండు వందల నలభై పౌన్లండి" అన్నారు.

"విన్నారుగా? బరువెక్కువై దిగాను" అన్నారు రాజుగారు తాడు ఇవతలి వాళ్ళతో. అని తన పెట్టె తనే దింపుకున్నారు.

తాడు దించిన రోజు

ఇక్కడ మా ఆఫీసరు ఒక తప్పు చేశారు. ఖాసింకి కళ్ళు కట్టేసి ఉన్నాయి. అతన్ని విమానం దాకా చేతుల మీద తీసుకెళ్తామని పేటవాళ్ళు అడిగారు. శేషగిరిరావు గారు తాడు వైపు చూసి, నా చేతిలోంచి తీసుకుని, తనే కింద పడేశారు. వాళ్ళందరూ వెళ్ళి, అతన్నీ తల్లినీ ఎక్కించి, దీవించి వెనక్కి వచ్చారు.

విమానం బయల్దేరింది. బురద చిమ్ముకుంటూ పరిగెత్తింది, పరిగెత్తింది, కానీ లేవలేదు. చెట్ల ముందు ఫిరోజ్ గారు ఇంజను తగ్గించి పక్కకి తిప్పేశారు. ఒక చక్రం నీళ్ళలోకి దిగి ఆగింది. మేం పరిగెత్తాం. రాజుగారు కూడా పంచె ఎగ్గట్టి మా వెనకే పరిగెత్తారు.

"లెక్క ప్రకారం లేవాలి. లోపల ఏదో ఉంది" అన్నారు ఫిరోజ్ గారు.

శేషగిరిరావు గారు లోపలికి తొంగిచూసి, సీటు కింద చెయ్యి పెట్టి లాగారు. చుట్టగా చుట్టిన పెద్ద తివాచీ. వానకి తడిసి ఏనుగు పిల్లలా ఉంది.

"డాక్టరు గారి దగ్గరికి ఒట్టి చేతులతో ఎలా వెళ్తామండీ" అంది జైనాబీ. "నా కొడుకు నేసిన ఆఖరిదండి ఇది. మళ్ళీ నేస్తాడో లేదో."

మా ఆఫీసరు మొహం చూడలేకపోయాను. కాటా మీద జీవితమంతా పెట్టుకున్న మనిషి, ఒక్క రోజు మనసు మెత్తబడి తాడు దించితే ఇలా అయింది. అది తప్పే, నేను కాదనను. కానీ ఆ రోజు ఆ తాడు దించని మనిషి దగ్గర నేను పనిచేయాలనుకోను.

రాజుగారు ముందుకొచ్చి ఆ తివాచీ తన భుజం మీద వేయించుకున్నారు. నీళ్ళు ఆయన సిల్కు లాల్చీ మీంచి కారుతున్నాయి.

"రైళ్ళు మొదలవగానే నేను మద్రాసు వెళ్తానమ్మా. మీ డాక్టరు గారికి నా చేత్తో ఇచ్చి వస్తాను. నువ్వు బెంగపడకు" అన్నారు.

పేటవాళ్ళు, మేము, రాజుగారి పాలేర్లు కలిసి విమానాన్ని తూర్పు చివరకి తోసుకొచ్చాం. రెండోసారి అది తాటితలల మీంచి, జానెడు ఎడంతో వెళ్ళిపోయింది.

రాజుగారి కేసు ఆ వాయిదాలో ఆయనకి ఎదురు తిరిగింది. మళ్ళీ అప్పీలు వేసుకున్నారు. ఆ సంగతి మాకు ఆయన వకీలు గుమాస్తా చెప్పాడు, ఆయన చెప్పలేదు. తివాచీ మాత్రం చెప్పినట్టే తీసికెళ్ళి ఇచ్చారు.

అంకె

ఖాసిం తర్వాత రైల్లో తిరిగొచ్చాడు. ఇనుము తీసేశారు, కుడి కన్ను దక్కింది. ఎడం కన్ను సంగతి మెల్లిగా తెలుస్తుందన్నారట. తల్లి అడిగినప్పుడల్లా "కనిపిస్తోందమ్మా" అనేవాడు. తల్లి సంతోషం కోసం అంటున్నాడా, నిజంగానే అంటున్నాడా మాకు తెలిసేది కాదు. మగ్గం మీద ఇంకా కూర్చోలేదు. పగలంతా మా పాక దగ్గరికి వచ్చి, తెర కొయ్యలు సరిచేస్తూ ఉండేవాడు. నేనూ అడగలేదు, శేషగిరిరావు గారూ అడగలేదు.

వానలు వెళ్ళి నేల గట్టిపడ్డాక మూర్తిరాజు గారు అప్పీలు పనిమీద మళ్ళీ వచ్చారు. చుట్టాలు తాడు ఇవతల బుద్ధిగా నిలబడ్డారు. పేటవాళ్ళు ఉన్ని ఎత్తేసి, చూడటానికి అక్కడే ఉండిపోయారు. జైనాబీ కూడా ఉంది. రాజుగారు కాటా ఎక్కారు. ఎక్కి, లోపలి నుంచి, "ఆ తెర తీసెయ్యండి శేషగిరిరావు గారూ" అన్నారు.

"ఎందుకండీ?"

"తీయండి చెబుతాను. ఖాసిం, ఇలా రావయ్యా. నా బరువు నువ్వు చదువు."

ఆయన ఏం అడుగుతున్నారో అందరికీ అర్థమైంది. నాకు భయమేసింది. చదవలేకపోతే, తల్లి ఎదుట, పేటంతటి ఎదుట ఏం కావాలి?

ఖాసిం తెర తనే పక్కకి లాగాడు. కాటా దగ్గరికి వచ్చి వంగాడు. వంగి, అరచేత్తో కుడి కన్ను మూసుకున్నాడు. శేషగిరిరావు గారి చెయ్యి నా భుజం మీద పడి బిగుసుకుంది.

"రెండొందల నలభై..." అని ఆగాడు. ఇంకా దగ్గరికి వంగాడు. "ఆరండి."

"సరిగ్గా చూశావా?" అన్నారు రాజుగారు.

"చూశానండి. ఆరు పౌన్లు పెరిగారు."

శేషగిరిరావు గారు నా భుజం వదిలి, ముందుకెళ్ళి వంగి కాటా చూశారు. తనంతట తాను ఏ మనిషి బరువూ పైకి అనని ఆయన, తాడు ఇవతల జైనాబీకి వినబడాలని, పార్సెల్ ఆఫీసులో అరిచినట్టు అరిచారు.

"రెండు వందల నలభై ఆరు. సరిపోయింది."